"పడుతున్నాయి కదా" అనుకోకండి: కారు బ్రేకులు ముందే ఇచ్చే హెచ్చరికలు

పోయిన ఎపిసోడ్‌లో బ్యాటరీ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి టైర్ల గురించి చెప్తానని మాటిచ్చాను. కానీ పోయిన వారం మా షెడ్డులో జరిగిన ఒక సంగతి వల్ల టైర్లని వచ్చేసారికి వాయిదా వేసి, ముందు బ్రేకుల గురించి చెప్పాలనిపించింది. ఏమనుకోకండి.

సంగతేంటంటే, మా ఒంగోలు కుర్రాడే, శనివారం సాయంత్రం కారు తీసుకొచ్చాడు. "అన్నా, రేపు పొద్దున్నే ఫ్యామిలీతో శ్రీశైలం వెళ్తున్నాం. గాలి చూసి, కడిగి ఇచ్చెయ్" అన్నాడు. కారు లోపలికి వస్తుంటే ముందు చక్రం దగ్గర గర్ర్‌మని శబ్దం. ఇనుము ఇనుము రాసుకుంటున్న శబ్దం అది. "తమ్ముడూ, బ్రేకులు చూపించావా ఈ మధ్య?" అన్నాను. "బ్రేకులకేం అన్నా, పడుతున్నాయి కదా!" అన్నాడు.

ఈ "పడుతున్నాయి కదా" అనే మాట ఉంది చూశారూ, ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను. నా అనుభవంలో ఇంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. ఎందుకో ఈరోజు వివరంగా చెప్తాను. మీరు మెకానిక్కులు కానక్కర్లేదు. కారు నడిపేవాళ్ళు, కారులో కూర్చునేవాళ్ళు, ఇద్దరికీ పనికొచ్చే విషయమే.

ముందుగా బ్రేకు ఎలా పని చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మీరు పెడల్ తొక్కుతారు. ఆ ఒత్తిడి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్తుంది. అక్కణ్ణించి సన్నటి పైపుల్లో ఉన్న బ్రేక్ ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకీ చేరుతుంది. మన దగ్గర చాలా కార్లకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ముందు చక్రాల దగ్గర క్యాలిపర్ అనే భాగం రెండు ప్యాడ్లతో డిస్కుని చిమటాతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. వెనక డ్రమ్ముల్లో షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడని రాస్తాయి. ఆ రాపిడితో కారు వేగం వేడిగా మారిపోతుంది. ఈ వేడి అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇప్పుడు "పడుతున్నాయి కదా" సంగతి. ఊళ్ళో మనం ముప్పైలో, నలభైలో వెళ్తాం. ఆ వేగంలో సగం అరిగిన బ్రేకులు కూడా పడతాయి. అసలు పరీక్ష హైవే మీద. వేగం రెండింతలైతే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి సుమారు 14 మీటర్లు కావాలి. అదే 100లో ఉంటే 56 మీటర్లు. ఇది కాలు పెడల్ మీద పడ్డాక లెక్క. మన కళ్ళు చూసి, బుర్ర గ్రహించి, కాలు కదలడానికి ఒక్క సెకను పట్టినా 100 వేగంలో కారు ఇంకో 28 మీటర్లు వెళ్ళిపోతుంది. అంటే ఊళ్ళో బాగానే ఉన్నట్టు అనిపించే బ్రేకులు హైవే మీద గేదె అడ్డం వచ్చిన రోజున చాలకపోవచ్చు.

సరే, ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఇది పుస్తకం నేర్పలేదు. ఒక ఘాట్ రోడ్డు నేర్పింది. ఇప్పటిదాకా ఈ కార్యక్రమంలో చెప్పలేదు, కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది. అయినా చెప్తాను.

మా వాడికి మూడో ఏడు. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్ళాం. అమ్మ, నాన్న, మా ఆవిడ, పిల్లాడు, నేను. అప్పటికే పదేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కుని. కానీ మెకానిక్ సొంత కారు సంగతి మీకు తెలుసుగా, అందరి బళ్ళూ అయ్యాక చూద్దాం అనుకుంటాం, ఆ "అయ్యాక" ఎప్పటికీ రాదు. అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. కొన్నప్పటి నుంచి బ్రేక్ ఆయిల్ మార్చలేదు. లెవెల్ తగ్గినప్పుడల్లా షెడ్డులో మూత తీసి నెలల తరబడి ఉన్న డబ్బాలోంచి కొంచెం పోసేవాణ్ణి. బయల్దేరే ముందు కొన్ని వారాలుగా పెడల్ కాస్త మెత్తగా అనిపిస్తూనే ఉంది. "పడుతున్నాయి కదా" అని నేనూ అనుకున్నాను.

దర్శనం అయింది, దిగుతున్నాం. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసింది. వంపుల మీద వంపులు. మూడో గేర్‌లో ఉంచి, కాలు బ్రేకు మీదే పెట్టి, కబుర్లు చెప్పుకుంటూ దిగుతున్నాను. వెనక సీట్లోంచి అమ్మ అంది, "ఒరేయ్, ఏదో కాలుతున్న వాసన వస్తోంది, చూడు." నేను వెనక్కి కూడా తిరక్కుండా, "ముందు బస్సుదమ్మా" అన్నాను. ఇంకో రెండు వంపులు దాటాక మళ్ళీ అంది. "వాసన తగ్గలేదురా." నేను అద్దం ఎత్తమన్నాను.

ఆ తర్వాత వంపు దగ్గర పెడల్ తొక్కితే కాలు నేలదాకా వెళ్ళిపోయింది. అడ్డు లేదు. నీళ్ళలో కాలు పెట్టినట్టు ఉంది. ఆ క్షణం ఎలా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను. గబగబా నాలుగైదు సార్లు పెడల్ కొట్టాను. మూడోసారికో నాలుగోసారికో కొంచెం పట్టినట్టు అనిపించింది. రెండో గేర్‌లోకి లాగాను, ఇంజన్ అరిచింది, వేగం తగ్గింది. తర్వాత మొదటి గేరు. హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా ఎత్తాను. ఎడమ పక్క కొండ ఉంది, లోయ అవతలి పక్కన. అది మాత్రం అదృష్టం. రోడ్డు అంచు గోడకి ఎడమ టైర్లు రాసుకుంటూ రాసుకుంటూ కారు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్లాడు గుండుకి రాసిన గంధంతో, అమ్మ ఒళ్ళో నిద్రపోతూనే ఉన్నాడు. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. కిందకి దిగి రాయి తెచ్చి చక్రం కింద పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం వినండి. ముప్పావు గంట ఆగాక పెడల్ తొక్కి చూస్తే మామూలుగా ఉంది! ఏమీ జరగనట్టే, గట్టిగా ఉంది. తెలియని మనిషైతే "ఏదో అయ్యింది, ఇప్పుడు బాగుంది" అనుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. మేము మొదటి గేర్‌లోనే మెల్లగా కిందకి దిగి, తిరుపతిలో ఒక షెడ్డుకి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన మూత తీసి, ఆయిల్ చూసి, నన్నొకసారి ఎగాదిగా చూసి, "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగాడు. మెకానిక్కునని చెప్పడానికి నోరు రాలేదు. వ్యాపారం అన్నాను.

ఆ డబ్బాలో ఉన్నది కాఫీ డికాక్షన్‌లా ఉంది.

ఏం జరిగిందో చెప్తాను. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో అలాగే. కొత్త ఆయిల్ బాగా ఎక్కువ వేడికి గానీ మరగదు. డాట్ 3 రకం అయితే కనీసం 205 డిగ్రీలు, డాట్ 4 అయితే కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాలని ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరితే ఆ ప్రమాణం డాట్ 3కి 140కి, డాట్ 4కి 155కి పడిపోతుంది. చూశారా, వందకి నాలుగు పాళ్ళు కూడా లేని నీరు ఎంత పని చేస్తుందో!

ఇక ఘాట్‌లో వేడి ఎంత పుడుతుందో ఒక లెక్క చెప్తాను. తిరుమలకీ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. కారు, మేము, సామాను అన్నీ కలిపి ఓ 1300 కిలోలు అనుకోండి. ఆ బరువుని అంత ఎత్తు నుంచి కేవలం బ్రేకులతోనే దించితే పుట్టే వేడి, 28 లీటర్ల నీళ్ళని మరిగించడానికి సరిపోతుంది. అంటే దాదాపు రెండు బిందెల నీళ్ళు సలసలా కాగేంత వేడి! కొంత గాలికి పోతుంది, నిజమే. కానీ కాలు బ్రేకు మీద నుంచి తీయకపోతే డిస్కుకి చల్లారే సమయం ఉండదు. ఆ వేడి ప్యాడ్ల ద్వారా ఆయిల్‌కి ఎక్కుతుంది. ఆయిల్‌లోని నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి వెళ్తుంది. ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది. అందుకే పెడల్ నేలకి పోయింది. చల్లారాక ఆవిరి మళ్ళీ నీరైంది, పెడల్ మామూలైంది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. కార్లలో రెండు లైన్లు ఉంటాయి కదా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా అని. నిజమే. మాస్టర్ సిలిండర్‌లో రెండు గదులు, ఒక్కోటి రెండేసి చక్రాలకి. ఒక పైపు పగిలితే మిగతా సగం పని చేస్తుంది. ఆగే దూరం బాగా పెరుగుతుంది కానీ ఆగుతుంది. అయితే ఆయిల్ పాతబడితే రెండు లైన్లలోనూ అదే ఆయిల్. వేడెక్కితే రెండూ ఒకేసారి మరగొచ్చు.

నా కథలో బ్రేకులు చెప్పకుండా పోలేదండీ. మెత్తటి పెడల్‌తో వారాల ముందే చెప్పాయి. వాసనతో రెండుసార్లు చెప్పాయి. మా అమ్మ నోటితో కూడా చెప్పించాయి. వినాల్సినవాణ్ణి నేనే వినలేదు. కాబట్టి బ్రేకులు ఎలా చెప్తాయో ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది శబ్దం. బ్రేకు తొక్కినప్పుడు కీచుమని సన్నటి శబ్దం వస్తుందనుకోండి. చాలా ప్యాడ్లకి ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగిపోయే దశకి వచ్చినప్పుడు ఆ రేకు డిస్కుకి తగిలి కీచుమంటుంది. కావాలనే అలా పెట్టారు. "నన్ను మార్చు" అని ప్యాడ్ అడుగుతోందన్నమాట. అప్పుడు మారిస్తే ప్యాడ్ల ఖర్చుతో పోతుంది. పట్టించుకోకపోతే కొన్నాళ్ళకి ఆ కీచు శబ్దం గర్ర్ అవుతుంది. ఇదిగో, ఆ శ్రీశైలం తమ్ముడి ప్యాడ్ చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ఇక్కడ మందంగా నల్లటి పదార్థం ఉండాలి. ఏది? మొత్తం పోయి ఇనుప పలక మెరుస్తోంది. ఈ పలకే డిస్కుని గీరేసింది. ప్యాడ్లతో పోయే ఖర్చుకి డిస్కులు కూడా తోడయ్యాయి.

ఒక్క మినహాయింపు. రాత్రి వాన పడి, పొద్దున్నే కారు తీసినప్పుడు మొదటి నాలుగైదు బ్రేకులకి గరగరమని వచ్చి పోతే కంగారు పడకండి. డిస్కు మీద సన్నటి తుప్పు పొర, అది రాసుకుని పోతుంది. రోజంతా ఉంటేనే షెడ్డుకి రండి. ఇంకో మాట, వెనక డ్రమ్ములకి సాధారణంగా ఈ కీచు రేకు ఉండదు. అక్కడ షూలు అరిగితే హ్యాండ్ బ్రేక్ చెప్తుంది. ఇదివరకు ఐదారు క్లిక్కులకి పట్టేది ఇప్పుడు తొమ్మిది పదికి గానీ పట్టడం లేదంటే, కేబులైనా సాగి ఉండాలి, షూలైనా అరిగి ఉండాలి.

రెండోది పెడల్. దీని భాష మూడు రకాలు. స్పాంజి నొక్కినట్టు మెత్తగా ఉంటే లైన్లో గాలి చేరింది, లేదా ఆయిల్ పాతబడింది. కాలు నొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా కిందకి దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. రాయిలా గట్టిగా ఉండి, ఎంత తొక్కినా కారు ఆగనంటే బూస్టర్ వైపు సమస్య. మూడింటిలో ఏదున్నా అదే రోజు చూపించండి. రేపు అనొద్దు.

మూడోది, కారు పక్కకి లాగడం. బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎడమకో కుడికో వెళ్తోందంటే, ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. అది బాగుంటే ఒక పక్క క్యాలిపర్ బిగుసుకుపోయి ఉండొచ్చు, ఒక ప్యాడ్ మీద ఆయిలో గ్రీజో పడి ఉండొచ్చు. వానలో, వేగంలో ఇది కారుని తిప్పేస్తుంది.

నాలుగోది వణుకు. 80 మీద బ్రేకు వేస్తే స్టీరింగూ పెడలూ గడగడా వణికితే డిస్కు మందం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అయినట్టు. కానీ హఠాత్తుగా గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు, కాలి కింద టకటకమని కొట్టుకుంటే అది ఏబీఎస్ పని చేయడం. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ టకటకకి భయపడి కాలు తీయకండి, గట్టిగా నొక్కే ఉంచండి. స్టీరింగ్ తిప్పుకుని తప్పించుకోవడానికే అది ఉన్నది.

ఐదోది వాసన, వేడి. మామూలు రోడ్డు మీద ఇంటికొచ్చాక ఒక చక్రం దగ్గరే కాలిన వాసన, సెగ వస్తుంటే ఆ చక్రానికి బ్రేకు వదలడం లేదని అర్థం. చేయి దగ్గర పెట్టి సెగ చూడండి చాలు, ముట్టుకోకండి, కాలుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది.

ఆరోది మీటర్లో ఎర్ర లైటు. గుండ్రం మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు. ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారో లేదో చూడండి. దించినా వెలుగుతుంటే ఆయిల్ తగ్గినట్టు. పసుపు రంగులో ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, ఏబీఎస్ ఉండదు. రెండూ కలిసి వెలిగితే మాత్రం కారు పక్కకి ఆపి, ఫోన్ చేసి మెకానిక్కుని అక్కడికే పిలిపించండి.

ఇక ఇంటి దగ్గర మీరే చేసుకోగలిగే పరీక్ష. పది నిమిషాల పని. ఆదివారం కారు కడిగేటప్పుడు చేసుకోండి.

బానెట్ ఎత్తండి. బ్రేక్ ఆయిల్ డబ్బా తెల్లటి ప్లాస్టిక్‌ది, డ్రైవర్ వైపు వెనకగా ఉంటుంది. దాని మీద మిన్, మ్యాక్స్ అని రెండు గీతలు. ఆయిల్ ఆ రెండిటి మధ్య ఉండాలి. బయట నుంచే కనిపిస్తుంది, ఊరికే మూత తీయకండి. లెవెల్ తగ్గితే చాలామంది పోసేస్తారు. నేను చేసిన తప్పే. ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ దానంతటదే కొంచెం దిగుతుంది, లీకున్నా దిగుతుంది. పైన పోసేస్తే ఆ హెచ్చరికని మనమే చెరిపేసినట్టు. ఎందుకు తగ్గిందో తెలుసుకోండి, తర్వాత పోయండి. ఇంజన్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా అందులో పోయకండి, రబ్బర్లన్నీ ఉబ్బి పాడైపోతాయి. మూత మీద ఏ రకం రాసుందో అదే రకం, సీలు తీయని డబ్బా కొనండి. కార్ల కంపెనీలు ఎక్కువగా చెప్పేది రెండేళ్ళకొకసారి మార్చమని. ఖర్చు కొన్ని వందల రూపాయలు. మా షెడ్డులో ఇప్పుడు పెన్నులాంటి పరికరం పెట్టి ఆయిల్‌లో నీరెంతుందో చూస్తాం. మీ మెకానిక్కుని అడగండి.

తర్వాత ప్యాడ్లు. అల్లాయ్ వీల్స్ అయితే ఫోన్ టార్చి వేసి సందుల్లోంచి చూడొచ్చు. కొత్త ప్యాడ్ 10, 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3కి వస్తే మార్చాల్సిందే. సుమారుగా రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. కనపడకపోతే టైర్లు మార్పించేటప్పుడు చక్రం ఊడదీస్తారు కదా, అప్పుడు "లోపలి ప్యాడ్ కూడా చూపించండి" అనండి. క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటే బయటి ప్యాడ్ బాగానే ఉండి లోపలిది అరిగిపోతుంది. చక్రాల లోపలి వైపు తడి మరకలు ఉన్నాయేమో కూడా చూడండి.

మూడోది బూస్టర్ పరీక్ష. ఇంజన్ ఆపి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగితే బూస్టర్ బాగుంది. ఇంకో అర నిమిషం నొక్కే ఉంచండి, అది అంతకంటే కిందకి జారకూడదు.

చివరగా ఖాళీ రోడ్డు మీద ముప్పైలో వెళ్తూ, వెనకెవరూ లేరని చూసుకుని, మెల్లగా బ్రేకు వేయండి. కారు తిన్నగా ఆగుతోందా, శబ్దం ఉందా, అంతే. ఇంకో చిన్న విషయం, నిజానికి చాలా పెద్ద విషయం. డ్రైవర్ కాళ్ళ దగ్గర నీళ్ళ బాటిల్ పెట్టకండి. అది దొర్లి పెడల్ కిందకి వెళ్తే ఎంత మంచి బ్రేకైనా పడదు. మ్యాట్ కూడా జరగకుండా ఉందో లేదో చూసుకోండి.

చూడటం వరకు మీ పని. విప్పడం, లైన్లో గాలి తీయడం లాంటివి యూట్యూబ్ చూసి చేయకండి. నేను కూడా యూట్యూబ్‌లోనే చెప్తున్నాననుకోండి! అయినా వద్దు.

ఇప్పుడు ఘాట్ సంగతి. శ్రీశైలం వెళ్ళినా, అరకు వెళ్ళినా, తిరుమల దిగినా సూత్రం ఒకటే. దిగేటప్పుడు వేగాన్ని ఇంజన్‌తో పట్టుకోవాలి, బ్రేకు సాయం మాత్రమే. దిగడం మొదలవ్వకముందే రెండో గేర్‌లోకి రండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా కొద్దిసేపు బ్రేకు వేసి, వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన సమయంలోనే డిస్కు చల్లారుతుంది. న్యూట్రల్ వేసి దిగడం మహా పాపం, పెట్రోల్ కూడా మిగలదు. ఆటోమేటిక్ అయితే ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. కరెంటు కార్లవాళ్ళకి ఒక మాట: బ్యాటరీ నిండుగా ఉంటే మోటారుతో వచ్చే బ్రేకింగ్ తగ్గుతుంది. కాబట్టి కొండ మీద నూటికి నూరు చార్జింగ్ పెట్టి దిగకండి. తిరుమల నుంచి దిగడానికి ఇంత సమయం తగ్గకూడదని నిబంధన ఉన్నది ఊరికే కాదు, అది మన మంచికే. వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, గేర్‌లో ఉంచి, చక్రానికి రాయి పెట్టి, అరగంట ఆగండి. వేడి డిస్కుల మీద నీళ్ళు పోయకండి, వంకర పోతాయి, చిట్లనూ వచ్చు.

అన్నీ చూసుకున్నా, ఒకవేళ దారిలో బ్రేకు పోతే? ఇది ఒక్కసారి మనసులో అనుకుని పెట్టుకోండి, ఆ క్షణంలో ఆలోచించే టైం ఉండదు. తాళం తిప్పి ఇంజన్ ఆపకండి. ఆపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే లాక్ కూడా పడొచ్చు. పెడల్‌ని గబగబా పదేపదే కొట్టండి, కొంత ఒత్తిడి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటిగా కిందకి తెండి. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా ఎత్తండి, ఒక్కసారిగా లాగితే కారు తిరిగిపోతుంది. బటన్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో చాలావాటికి, దాన్ని అలాగే పట్టుకుంటే కంప్యూటరే కారుని ఆపుతుంది. మీ కారు పుస్తకంలో ఒకసారి చదివి ఉంచుకోండి. హారన్ కొడుతూ, నాలుగు ఇండికేటర్లు వేసి, ఎత్తు రోడ్డో, మట్టి దిబ్బో, కొండ పక్క అంచో చూసుకోండి. ఇనుప రేకు పోతే పోయింది, మనుషులు మిగలాలి.

విజయనగరం నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు: "అన్నయ్యా, మా ఆయన నడుపుతారు, నాకు డ్రైవింగ్ రాదు. శబ్దం వస్తోందంటే నీకేం తెలుసు అంటారు. ఏం చేయను?" అని. చెల్లెమ్మా, డ్రైవింగ్ రాని మా అమ్మే ముందు పసిగట్టింది, పదేళ్ళ అనుభవం ఉన్న నేను పట్టించుకోలేదు. రోజూ నడిపేవాడికి మార్పు కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి అలవాటైపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకే తేడా ముందు తెలుస్తుంది. మీరు చెప్పండి, రెండోసారి కూడా చెప్పండి. బావగారికి ఈ వీడియో కూడా చూపించండి.

శ్రీశైలం తమ్ముడు మొదట కాస్త చిరాకు పడ్డాడు. ప్యాడ్ తీసి చేతిలో పెట్టాక మాట్లాడలేదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని డిస్కులు, ప్యాడ్లు, ఆయిల్ మార్చి ఇచ్చాం. పొద్దున్న బదులు మధ్యాహ్నం బయల్దేరారు. మంగళవారం షెడ్డుకొచ్చి ప్రసాదం ఇచ్చి వెళ్ళాడు.

మా అమ్మ ఇప్పటికీ నా కారెక్కితే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. "చూపించావారా?" అని. ఇప్పుడు నేను చూపించాకే ఎక్కిస్తున్నాను. మీరూ ఈ ఆదివారం ఒక్క పది నిమిషాలు బానెట్ ఎత్తి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో తప్పకుండా టైర్లు. అందాకా జాగ్రత్తగా నడపండి, క్షేమంగా ఇంటికి చేరండి. ఉంటానండీ, నమస్కారం.